హోండా సి.టి. 70 బండికి 125 సి.సి. ఇంజను అమర్చుకునే పద్ధతి

హోండా సంస్థ 1969లో అమెరికాలో అమ్మకానికి తెచ్చిన సి.టి. 70 అనే చిన్న మోటారు సైకిలు చూడటానికి పిల్లల బండిలా ఉంటుంది. రేకును అచ్చుపోసి చేసిన, టి అక్షరాన్ని పోలిన ఫ్రేము, 10 అంగుళాల చక్రాలు, మడిచి పెట్టుకోగల హ్యాండిల్, 72 సి.సి. ఇంజను దీని ప్రత్యేకతలు. ఇదే బండి యూరప్‌లోనూ జపాన్‌లోనూ ఎస్.టి. 70, డాక్స్ అనే పేర్లతో తిరిగింది. చదునైన దారిలో ఒక్కరినే మోస్తున్నప్పుడు దీనికి లోటేమీ కనిపించదు గాని, ఎనభై కిలోల మనిషి ఎక్కి ఎత్తుదారి పట్టినప్పుడు మూడు గేర్లలో ఏ గేరు వేసినా ఇంజను ఆయాసపడుతుంది. అందుకే ఈ బండి కొన్నవారిలో చాలామందికి ఏదో ఒక రోజున పెద్ద ఇంజను ఆలోచన వస్తుంది.

ఆ ఆలోచనను తీర్చుకోవడం ఇతర బండ్లతో పోలిస్తే తేలికే. సిలిండరును ముందుకు పడుకోబెట్టి చేసిన ఈ తరహా హోండా ఇంజన్లలో 50, 70, 90 సి.సి. రకాలన్నిటికీ ఫ్రేముకు తగిలించే చెవుల అమరిక దాదాపు ఒక్కటే. తరువాత చైనా తయారీదారులు 110, 125, 140 సి.సి. ఇంజన్లు చేసినప్పుడూ ఆ అమరికనే నిలుపుకున్నారు. మన ఊళ్లలో హీరో హోండా స్ప్లెండర్ ఇంజనును విప్పి చూసినవారికి ఈ నమూనా కొత్త కాదు; 50 మి.మీ. బోరు (సిలిండరు లోపలి వ్యాసం), 49.5 మి.మీ. స్ట్రోకు (పిస్టను కదిలే దూరం) గల ఆ 97.2 సి.సి. ఇంజను కూడా ఈ వంశానిదే. అంతమాత్రాన స్ప్లెండర్ ఇంజను తెచ్చి సి.టి. 70కి నేరుగా తగిలించవచ్చని, కొలతలు వేసుకోకుండా, ఎవరూ అనుకోరాదు.

ఇంజనును రెండు బోల్టులతో తగిలించడం ఒక సాయంత్రం పని. ఆ ఇంజనుకు తగినట్టు బ్రేకులు, వైరింగు, చైను, పెట్రోలు దారి మార్చుకోవడానికి మాత్రం నాలుగైదు వారాంతాలు పడుతుంది. ఈ రెండో పనికి ఓపిక లేనివారు మొదటి పని మొదలుపెట్టకపోవడమే మంచిది.

పాన పట్టుకునే ముందు చట్టం సంగతి చూసుకోవాలి. అమెరికాలో బండి రిజిస్ట్రేషన్ ఫ్రేము నంబరు మీద నడుస్తుంది గాని, ఇంజను మార్పు విషయంలో ఒక్కో రాష్ట్రానిది ఒక్కో పద్ధతి. పైగా చైనా ఇంజన్లలో చాలావాటిని రోడ్డు వాడకానికి కాదనే షరతుతోనే అమ్ముతారు. కాబట్టి రాష్ట్ర వాహన శాఖనూ బీమా కంపెనీనీ ముందే అడగాలి. ఇది చదివి భారతదేశంలో ఇంటి దగ్గర యమహా ఆర్.ఎక్స్. 100కు 135 ఇంజను తగిలిద్దామనుకునేవారు మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ చదువుకోవాలి. అనుమతి లేని మార్పుకు 182ఎ సెక్షన్ కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా గాని, ఆరు నెలల వరకు జైలు గాని, రెండూ గాని పడవచ్చు.

ఇంజను ఎంపిక

ఈ ఇంజన్ల మీద పోతపోసి ఉండే సంకేతాన్ని చదవడం వస్తే అమ్మేవారి మాటల మీద ఆధారపడనక్కరలేదు. ఉదాహరణకు 1పి52ఎఫ్ఎంఐ అన్న సంకేతంలో 1 అంటే ఒక సిలిండరు, 52 అంటే మిల్లీమీటర్లలో బోరు, ఎఫ్ అంటే గాలితో చల్లబడేది, ఎం అంటే మోటారు సైకిలుకు చేసినది. చివరి అక్షరం సామర్థ్యపు తరగతిని చెబుతుంది. అది హెచ్ అయితే 110, ఐ అయితే 125, జె అయితే 150 తరగతి. తరగతి వేరు, అసలు కొలత వేరు. లిఫాన్ 125గా అమ్మే ఇంజనులో బోరు 52.4 మి.మీ., స్ట్రోకు 55.5 మి.మీ. కాబట్టి లెక్కకు తేలేది 119.7 సి.సి. అయినా 72 నుంచి 120కి వెళ్లడమంటే సామర్థ్యం మూడింట రెండు వంతులు పెరగడమే. 56 మి.మీ. బోరు, 57 మి.మీ. స్ట్రోకు గల 140 సి.సి. ఇంజన్లు కూడా ఇదే ఫ్రేముకు తగులుతాయి. కాని యాభై ఏళ్లు దాటిన రేకు ఫ్రేము మీద, చిన్న డ్రమ్ము బ్రేకుల మీద అంత బలం మోపడం నాకు సమ్మతం కాదు. 125 దగ్గర ఆగినవారు బండిని నడుపుతున్నారు. 140 పెట్టినవారు ఎక్కువ కాలం దాన్ని బాగుచేస్తూ కనిపిస్తారు.

చేతి క్లచ్చు కావాలా, అసలు బండిలో లాగా దానంతటదే పనిచేసే క్లచ్చు కావాలా అన్నది తరువాతి ప్రశ్న. రెండో రకంలో ఎడమ చేతికి పని ఉండదు, బండి పాత స్వభావమూ చాలావరకు నిలుస్తుంది. చేతి క్లచ్చు తీసుకుంటే హ్యాండిల్‌కు లివరు, కేబులు అదనంగా అమర్చాలి, కాని ఎత్తుదారిలో బలం మీ చేతిలో ఉంటుంది. కొనే ముందు గేర్ల వరుస కూడా అడగండి. కొన్నిటిలో న్యూట్రల్ అన్నిటికన్నా కింద ఉండి నాలుగు గేర్లూ ఒకే వైపు పడతాయి. మరికొన్నిటిలో న్యూట్రల్ ఒకటికీ రెండుకూ నడుమ ఉంటుంది. మొదటి రకపు వరుసలో కొన్ని ఇంజన్లు నాలుగో గేరు దాటాక మళ్లీ న్యూట్రల్‌కు తిరిగి వస్తాయి. వేగంలో ఉండగా అలా జరిగితే కంగారు పుడుతుంది. సెల్ఫ్ స్టార్టు మోటారు కొన్నిటికి పైన, కొన్నిటికి కింద ఉంటుంది. పైనుంటే ఫ్రేముతోనూ కార్బ్యురేటర్‌తోనూ, కిందనుంటే కాళ్లు పెట్టుకునే కడ్డీతోనూ తగవు రావచ్చు. మొదటిసారి చేసేవారు కిక్కు మాత్రమే ఉన్నది తీసుకోవడం నయం.

పాతదాన్ని దించడం, కొత్తదాన్ని ఎక్కించడం

విప్పే ముందు నాలుగు వైపుల నుంచీ ఫోటోలు తీసుకోండి. ఆయిలు వెచ్చగా ఉండగానే వంపేసి, పెట్రోలు మూసి, చైను జాయింటు లింకు విప్పి, సైలెన్సరు, కార్బ్యురేటర్, వైర్ల జోడింపులు వరుసగా వేరు చేయాలి. ఇక్కడ ఒక చిక్కు ఉంది. ఈ బండిలో కాళ్లు పెట్టుకునే కడ్డీ, దానితో పాటు సైడ్ స్టాండు, ఫ్రేముకు కాక ఇంజను అడుగున నాలుగు బోల్టులతో బిగించి ఉంటాయి. ఇంజను దిగిందంటే బండికి నిలబడే ఆధారం ఉండదు కనుక, ముందుగానే ఫ్రేమును పై నుంచి బలమైన తాడుతో వేలాడదీయడమో, రెండు వైపులా దిమ్మెలు పెట్టి నిలపడమో చేయాలి.

ఇంజను దిగాక ఖాళీ అయిన ఫ్రేమును శుభ్రంగా తుడిచి వెలుతురులో చూడండి. చెవులు తగిలే చోట, వెనుక స్వింగ్ ఆర్మ్ ఇరుసు చుట్టూ, రెండు రేకులు అతికిన అంచుల వెంట వెంట్రుకంత పగులు గాని, లోపలి నుంచి పొంగిన తుప్పు గాని ఉంటే పని అక్కడితో ఆపి ముందు దాన్ని బాగుచేయించాలి. 72 సి.సి.ని ఇన్నేళ్లు మోసిన పగులు 120 సి.సి. కింద త్వరగానే సాగుతుంది.

పాత బోల్టులను మళ్లీ వాడవద్దు. తల మీద 8.8 గాని 10.9 గాని గుర్తు ఉన్న కొత్త 8 మి.మీ. బోల్టులు తెచ్చుకోండి. ఇంజనును ఎత్తి పై బోల్టును వదులుగా దూర్చి, కింది బోల్టును కూడా అలాగే దూర్చి, కాలి కడ్డీ బోల్టులు సైతం చేతితో తిప్పి పట్టించిన తరువాతే అన్నిటినీ బిగించాలి. చెవికీ ఫ్రేముకూ మధ్య సందు మిగిలితే దాన్ని బోల్టు బలంతో దగ్గరికి లాగకూడదు, ఎందుకంటే అల్యూమినియం చెవి వంగదు, విరుగుతుంది. ఆ సందుకు సరిపడే వాషరు గాని స్పేసరు గాని వేయాలి. ఎక్కడైనా తగులుతూ ఉంటే చెక్కవలసింది కొత్తగా కొన్న ఇంజను అంచునే తప్ప పాత ఫ్రేమును కాదు. ఫ్రేముకు రంపం, వెల్డింగు తగలనంతవరకు ఈ పనిలో ప్రతిదాన్నీ వెనక్కి తిప్పుకోవచ్చు.

తరువాత ముందు ఫోర్కులోని స్ప్రింగులు తీసి, లేదా ఇద్దరు మనుషులు బరువు వేసి, ఫోర్కును అడుగంటా దించి చూడండి. ఇంజను తలకూ ముందు మడ్‌గార్డుకూ మధ్య వేలు పట్టేంత ఖాళీ మిగలాలి. పొడవైన సిలిండరు గల ఇంజన్లలో ఇక్కడే ఇబ్బంది బయటపడుతుంది.

చైను, స్ప్రాకెట్లు

ముందు స్ప్రాకెట్టు కొనేటప్పుడు పళ్లతో పాటు నడిమి రంధ్రం కొలత చూడాలి. ఈ ఇంజన్లలో కొన్నిటి షాఫ్టు 17 మి.మీ., కొన్నిటిది 20 మి.మీ. చైను 420 రకం, అంటే లింకుకూ లింకుకూ మధ్య అర అంగుళం. వెనుక స్ప్రాకెట్టు కూడా ఆ రకానిదేనని నిర్ధారించుకోండి. రెండు స్ప్రాకెట్లూ ఒకే గీత మీద ఉన్నాయో లేదో చూడటానికి తిన్నని ఉక్కు స్కేలును వెనుక స్ప్రాకెట్టు ముఖానికి ఆనించి ముందుదాకా చాపితే చాలు. రెండు మిల్లీమీటర్ల తేడా ఉన్నా చైను అరుగుతూ శబ్దం చేస్తుంది, ఒక్కోసారి తెగుతుంది కూడా. చైను జాయింటు క్లిప్పు మూసిన కొస చైను కదిలే దిశకు ఉండాలన్నది చాలామంది మరిచిపోయే చిన్న సంగతి.

బండి వేగాన్ని, లాగుడును నిర్ణయించేది ఎక్కువగా ఈ పళ్ల లెక్కే. బండి మీద మనిషి కూర్చుని ఉండగా చక్రాన్ని నేల మీద ఒక చుట్టు దొర్లించి దూరం కొలవండి. 10 అంగుళాల చక్రానికి సుమారు 1.4 మీటర్లు వస్తుంది. ఇంజను లోపలి ప్రైమరీ నిష్పత్తిని (క్రాంకు నుంచి క్లచ్చుకు వేగం తగ్గే లెక్క), పై గేరు నిష్పత్తిని, వెనుక పళ్లను ముందు పళ్లతో భాగించిన ఫలితాన్ని కలిపి గుణిస్తే మొత్తం నిష్పత్తి తేలుతుంది. అది 8 అనుకుందాం. ఇంజను నిమిషానికి 8,000 చుట్లు తిరిగినప్పుడు చక్రం 1,000 చుట్లు తిరుగుతుంది, బండి నిమిషానికి 1,400 మీటర్లు, అంటే గంటకు 84 కిలోమీటర్లు పోతుంది. ముందు స్ప్రాకెట్టులో ఒక పన్ను పెంచితే ఆ వేగం సుమారు ఆరేడు శాతం పెరుగుతుంది. పాత 72 సి.సి.కి పెట్టిన స్ప్రాకెట్లనే ఉంచేస్తే కొత్త ఇంజను మొదటి గేరులో ముందు చక్రాన్ని లేపుతుంది, పై గేరులో అనవసరంగా అరుస్తుంది. ముందువైపు ఒకటి రెండు పళ్లు పెంచి మొదలుపెట్టి, మీ దారిలోని అతి నిటారు ఎత్తును ఎక్కి చూసి, అక్కడి నుంచి సరిచేసుకోండి.

పెట్రోలు, గాలి, పొగ

ఈ బండి పెట్రోలు ట్యాంకుకు రెండు గొట్టాలుంటాయి, ఒకటి మామూలుది, ఒకటి రిజర్వుది. వాటిని మార్చే కాక్ మాత్రం ట్యాంకుకు కాక పాత కార్బ్యురేటర్‌కే ఉంటుంది. కార్బ్యురేటర్ తీసేస్తే కాక్ కూడా పోయినట్టే. నేను మొదటిసారి చేసినప్పుడు రెండు గొట్టాలనూ ఒక కొమ్ముల జాయింటుతో కలిపి, మధ్యలో మామూలు కాక్ ఒకటి పెట్టి, పని అయిపోయిందనుకున్నాను. రిజర్వు అంటూ ఇక మిగలలేదని, మూడు మైళ్లు బండిని తోసుకుంటూ ఇల్లు చేరిన రోజున గాని తెలియలేదు. రెండు దారులు గల కాక్ ఒకటి వెతికి కొంటే ఆ బాధ ఉండదు; ఫ్రేము మీద రంధ్రం చేయకుండా క్లిప్పుతో తగిలించవచ్చు.

125కు మికుని వి.ఎం. 22 తరహా కార్బ్యురేటర్ బాగా కుదురుతుంది. పాత యాక్సిలరేటర్ కేబులు పొడవు, కొస గుండు రెండూ సరిపడవు కనుక కొత్తది వేసి, హ్యాండిల్‌ను ఒక కొస నుంచి మరో కొసకు తిప్పుతూ ఇంజను రేసు పెరగడం లేదని చూడాలి. ఇన్‌టేక్ గొట్టం రెండు వైపులా కొత్త గాస్కెట్లు వేయండి. అక్కడ గాలి దొంగతనంగా దూరితే మిశ్రమం పలచబడి పిస్టను కాలుతుంది. ఇంజను నడుస్తుండగా ఆ జాయింట్ల చుట్టూ సబ్బునీరు చిలకరించినప్పుడు దాని శబ్దం మారిందంటే గాలి లాగుతున్నట్టే.

సైలెన్సరు విషయంలో పాతదాన్నే వాడుకోవచ్చా అని చాలామంది అడుగుతారు. పాతదాని లోపలి గొట్టం 72 సి.సి.కి సరిపడినంత సన్ననిది. దానితో 125 నడుస్తుంది గాని, కొన్న బలంలో కొంత అక్కడే ఇరుక్కుంటుంది. కొత్తది తెస్తే కిక్కు లివరుకు అడ్డు రాకుండా, కాలికి తగలకుండా రేకు కవచం ఉన్నది తీసుకోండి.

ఆరు వోల్టుల నుంచి పన్నెండుకు

ఎక్కువమంది ఆగిపోయేది వైరింగు దగ్గరే. పాత బండిది 6 వోల్టుల మాగ్నెట్, పాయింట్లతో నిప్పురవ్వ. కొత్త ఇంజనుది 12 వోల్టులు, పాయింట్లు లేకుండా ఎలక్ట్రానిక్ పద్ధతిలో రవ్వ పుట్టించే సి.డి.ఐ. పాత వైర్ల గుత్తిని కోయకుండా చుట్టి దాచిపెట్టి, కొత్తదాన్ని విడిగా వేసుకోవాలని నా సలహా.

ఇంజను నుంచి వచ్చే తీగలు హోండా రంగుల పద్ధతినే అనుసరిస్తాయి. నలుపు మీద ఎర్ర గీత ఉన్నది సి.డి.ఐ.కి కరెంటు ఇచ్చే కాయిలుది, నీలం మీద తెల్ల గీత ఉన్నది రవ్వ ఎప్పుడు పుట్టాలో చెప్పే పికప్‌ది, ఆకుపచ్చ ఎర్తుది, పసుపు తెలుపు తీగలు లైట్లకూ ఛార్జింగుకూ, లేత ఆకుపచ్చ మీద ఎర్ర గీత ఉన్నది న్యూట్రల్ దీపానికి. అయినా రంగును నమ్మి కలపవద్దు, మల్టీమీటరు పెట్టి చూసే కలపండి. సి.డి.ఐ.లలో రెండు రకాలున్నాయి: ఇంజను కాయిలు కరెంటుతో నడిచేవి, బ్యాటరీ కరెంటుతో నడిచేవి. మొదటి రకానికి బ్యాటరీ తీగ కలిపితే ఆ క్షణమే పాడవుతుంది. మొదటి రకంలో ఇంజనును ఆపడమంటే ఒక తీగను ఎర్తుకు తగిలించడమే. పాత బండి తాళం కూడా ఆపినప్పుడు తీగను ఎర్తుకే కలుపుతుంది కనుక, తాళాన్ని మార్చకుండా వాడుకునే వీలుంది.

లైట్ల తీగలను నేరుగా బల్బులకు ఇవ్వకూడదు; నాలుగు కాళ్ల రెగ్యులేటర్ ద్వారానే 12 వోల్టుల బ్యాటరీకి చేరాలి. బ్యాటరీ నుంచి బయలుదేరే ఎర్ర తీగలో మొదటి జానెడులోనే ఫ్యూజు పెట్టండి. హెడ్‌లైటు, వెనుక దీపం, మీటరు లోపలి దీపం, న్యూట్రల్ దీపం, హారను, ఇండికేటర్లు ఉంటే వాటి ఫ్లాషరు, ఇవన్నీ 12 వోల్టులవిగా మార్చాలి. ఒక్కటి మరిచినా అది తాళం తిప్పగానే మాడిపోయి తనను తాను గుర్తుచేస్తుంది. స్పీడోమీటరు ముందు చక్రం నుంచి నడుస్తుంది కాబట్టి దానికి ఈ మార్పులతో సంబంధం లేదు.

బ్రేకులు

బండి ఆగడానికి బ్రేకు మింగవలసిన శక్తి వేగపు వర్గంతో పెరుగుతుంది. గంటకు 70 కిలోమీటర్ల నుంచి ఆపేదానికన్నా 90 నుంచి ఆపడానికి 65 శాతం ఎక్కువ శక్తిని అవే చిన్న డ్రమ్ములు వేడిగా మార్చి వదిలేయాలి. కాబట్టి కొత్త ఇంజను మొదటిసారి స్టార్టు కాకముందే బ్రేకు షూలు, రెండు కేబుళ్లు, చక్రాల బేరింగులు, టైర్లు కొత్తవి వేయాలి. డ్రమ్ము లోపల గట్టు కట్టి ఉంటే లేతులో పట్టించి సరిచేయించాలి. వెనుక షాక్‌లు ఊగిసలాడుతుంటే, ముందు ఫోర్కు చప్పుడు చేస్తుంటే, హ్యాండిల్ బాల్ రేసుల్లో గంటు పడి ఉంటే అవి కూడా ఈ ఖర్చులోనే కలుస్తాయి. ఇంజనుకు డబ్బంతా పెట్టి బ్రేకులను తరువాత చూద్దామనుకునేవారిని నేను ఆ బండి మీద వీధి చివరి దాకా కూడా వెళ్లనివ్వను.

మొదటి స్టార్టు

పెట్టెలో వచ్చిన ఇంజనులో ఆయిలు ఉన్నా లేకున్నా, దాన్ని వంపేసి, తడి క్లచ్చుకు తగిన జె.ఎ.ఎస్.ఒ. ఎం.ఎ. గుర్తు గల 10డబ్ల్యు-40 మోటారు సైకిలు ఆయిలు గేజి పుల్ల చూపినంత పోయండి. కారు ఆయిలు పోస్తే క్లచ్చు జారవచ్చు. మాగ్నెట్ మీది టి గుర్తును కేసు మీది గీతకు కలిపి, పిస్టను కంప్రెషను స్ట్రోకు పైన ఉండగా, చల్లటి ఇంజనులో ట్యాపెట్ల సందు (వాల్వుకూ దాన్ని నొక్కే చేతికీ మధ్య ఖాళీ) 0.05 మి.మీ. ఉందేమో ఫిల్లర్ గేజితో చూడండి. ఫ్యాక్టరీలో సరిచేసే ఉంటారని వదిలేయకండి; కొత్త ఇంజన్లలో సందే లేకుండా బిగిసిపోయినవి దొరుకుతాయి. కనిపించే ప్రతి బోల్టునూ ఒకసారి పానతో తాకి చూడటం కూడా ఈ తరహా ఇంజన్లకు అవసరమే.

ప్లగ్గు తీసి పదిహేను ఇరవై కిక్కులు కొడితే ఆయిలు పైదాకా ఎక్కుతుంది. తీసిన ప్లగ్గును దాని రంధ్రానికి దూరంగా ఇంజను లోహానికి ఆనించి రవ్వ చూసుకుని, ప్లగ్గు బిగించి, పెట్రోలు తెరిచి స్టార్టు చేయండి. మొదటిసారి రెండు మూడు నిమిషాలు నడిపి ఆపి, పూర్తిగా చల్లారనిచ్చి, మళ్లీ నడపండి. తరువాత రోడ్డెక్కినప్పుడు ఒకే వేగంలో సాగదీయకుండా యాక్సిలరేటరును పెంచుతూ తగ్గిస్తూ నడిపితే పిస్టను రింగులు బోరుకు బాగా కుదురుతాయి. యాభై కిలోమీటర్లకు ఆయిలు మార్చండి. అందులో మెరిసే లోహపు పొడిని చూసి భయపడనక్కరలేదు, ముక్కలు కనిపిస్తే మాత్రం నడపడం ఆపాలి. ఈ ఇంజన్లలో చాలావాటికి కాగితపు ఫిల్టరు ఉండదు, జల్లెడ మాత్రమే ఉంటుంది. రెండో ఆయిలు మార్పు నాటికి దాన్ని తీసి కడగాలి. ఇంజను బోల్టులను, కాలి కడ్డీ బోల్టులను అదే యాభై కిలోమీటర్ల దగ్గర మళ్లీ బిగించాలి.

మిశ్రమం సంగతి ప్లగ్గే చెబుతుంది. ఎత్తుదారిలో పూర్తి యాక్సిలరేటరు మీద కొంతదూరం లాగించి, అక్కడే ఇంజను ఆపి ప్లగ్గు తీసి చూస్తే, పింగాణీ తెల్లగా ఎండిపోయి ఉన్నప్పుడు కార్బ్యురేటర్‌లో పెట్రోలు వచ్చే మెయిన్ జెట్టు సైజు పెంచాలి, మసిబారి ఉన్నప్పుడు తగ్గించాలి, లేత గోధుమ రంగులో ఉన్నప్పుడు తాకకుండా వదిలేయాలి.

దించిన 72 సి.సి. ఇంజనును అమ్మవద్దు, పారవేయవద్దు. సి.టి. 70ఇ అనే అక్షరాలతో మొదలయ్యే నంబరు గల అసలు ఇంజను, అసలు ఫ్రేముతో జతగా ఉన్నప్పుడే ఆ బండికి పాతబండ్లు కొనేవారి దగ్గర పూర్తి ధర పలుకుతుంది. ప్లగ్గు రంధ్రంలో రెండు చెంచాల ఆయిలు పోసి, కిక్కుతో నాలుగుసార్లు తిప్పి, కార్బ్యురేటర్, సైలెన్సరు దారులను శుభ్రమైన గుడ్డతో మూసి, పాత వైరింగు, 6 వోల్టుల బల్బులు, బోల్టులు, స్ప్రాకెట్లతో సహా ఒకే పెట్టెలో పెట్టి, మీద బండి ఫ్రేము నంబరు రాసి పొడి చోట దాచండి.